చచ్చిన పిట్ట ఏ ఊరిది?

ఫలానా నీటిపక్షి తన మామూలు తావులకు వేల మైళ్ల దూరంలో కనిపించిందని ఎవరైనా అంటే, పందొమ్మిదో శతాబ్దపు పక్షిశాస్త్రం అడిగే ప్రశ్న ఒక్కటే: పిట్ట ఏదీ? తుపాకీతో కొట్టి, తోలు ఒలిచి, దూది కూరి, కాలికి చీటీ కట్టి చూపిస్తే అది శాస్త్రం. చూశాను, ఎగిరిపోయింది అంటే అది కబుర్లు. ఈ నియమాన్ని చూసి ఇప్పుడు మనం ముక్కున వేలేసుకోనక్కర్లేదు. ఆనాటి దుర్భిణులు అంతంతమాత్రం. బురద ఒడ్డున పరుగులు తీసే ఉల్లంకి జాతి పిట్టల్లో ఒకదాన్నుంచి ఇంకొకదాన్ని వేరుచేసేవి తోక మీది చారలు, రెక్క అడుగు రంగు, ముక్కు పొడవులో కాస్త తేడా. చేతిలోకి తీసుకుని కొలిస్తే తప్ప తేలేవి కావు. అయితే ఇంత సబబైన నియమంలోనూ ఒక పెద్ద చిల్లు ఉంది. చేతిలో ఉన్న కళేబరం తాను ఏ జాతో చెబుతుంది, ఎక్కడ చచ్చిందో చెప్పదు. దారితప్పి వచ్చిన పక్షి విషయంలో తేలవలసింది ముఖ్యంగా ఆ రెండో సంగతే. జాతికి సాక్షి ఆ శరీరం, చోటుకు సాక్షి మనిషి, అతను రాసిన చీటీ. ఈ రెండు సాక్ష్యాలనూ విడదీసి చూడడం నేర్చుకున్నాకే అరుదైన పక్షుల లెక్కలు నమ్మదగ్గవయ్యాయని, పరికరాలు మెరుగుపడడం అందులో చిన్న భాగమేనని నా వాదన.

చిల్లు ఎక్కడుందో చూడ్డానికి మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. కలకత్తా ఇండియన్ మ్యూజియంలో పనిచేసిన ఫ్రాంక్ ఫిన్ 1890ల చివర్లో చలికాలమంతా అక్కడి పక్షుల బజారు మీద ఒక కన్నేసి ఉంచేవాడు. చుట్టుపక్కల చెరువుల్లో వలలు పన్నే బోయలు బాతుల్ని బతికుండగానే తెచ్చి అక్కడ అమ్మేవాళ్లు. చైనా వైపు తిరిగే బేర్స్ పోచార్డ్ లాంటి బాతులు కొన్ని ఆయనకు ఆ బజారులోనే దొరికాయి. పక్షి నిజం, కొన్న మనిషి నిజాయితీపరుడు, తేదీ నిజం. పట్టిన చెరువు ఏది? అమ్మినవాడు చెప్పిందే. ఫిన్ మేలు ఏమిటంటే, తాను కొన్నది బజారులోనని దాచలేదు. చీటీ మీద ‘కలకత్తా బజారు’ అని ఉన్న నమూనా తన సాక్ష్యం ఎంతవరకో తనే చెప్పుకుంటుంది. అదే చీటీ మీద ఒక పల్లె పేరు నిస్సంకోచంగా రాసి ఉంటే తర్వాతివాళ్లకు అనుమానించే అవకాశమే ఉండేది కాదు.

సరిగ్గా అలాంటి నిస్సంకోచమైన చీటీలే ఇంగ్లండు దక్షిణ తీరంలో పక్షిశాస్త్రాన్ని దాదాపు డెబ్బై ఏళ్లు తప్పుదోవ పట్టించాయి. ససెక్స్ జిల్లాలో హేస్టింగ్స్ సముద్రపు పట్నం. దాని పక్కనే సెయింట్ లియొనార్డ్స్‌లో జార్జ్ బ్రిస్టో అనే ఆయనకు తుపాకుల దుకాణం ఉండేది, చచ్చిన పక్షులకు గడ్డి కూరి నిలబెట్టే పని కూడా అక్కడే. 1892 నుంచి 1930 దాకా హేస్టింగ్స్‌కు సుమారు ఇరవై మైళ్ల లోపల, బ్రిటన్‌లో అంతకుముందు ఎవరూ ఎరగని పక్షులు ఒకదాని వెంట ఒకటి పడ్డాయి. వాటిలో నీటి అంచుల పక్షులు తక్కువేం కాదు. మధ్యధరా సముద్రం వైపువి, తూర్పు యూరప్‌వి, సైబీరియావి. ఒంటరిగా దారితప్పినవే కాదు, ఒక్కోసారి రెండు మూడు కలిసి. చాలావరకు బ్రిస్టో దుకాణం మీదుగానే వచ్చాయి. స్థానిక నిపుణులకు తోలు ఒలవకముందే, ఒళ్లు మెత్తగా ఉండగానే చూపించేవాళ్లు. అంత తాజాగా ఉంటే ఇక్కడే కొట్టినట్టు కదా అని వాళ్లు అనుకున్నారు. ఓడల్లో మంచుగదులు అప్పటికే వచ్చాయన్న సంగతి ఎవరి మనసుకూ తట్టలేదు.

దీని వెనకున్న డబ్బు లెక్క తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. ఆ రోజుల్లో సంపన్న సేకర్తలకు తమ అద్దాల బీరువాలో బ్రిటిష్ గడ్డ మీద పడిన పక్షే కావాలి. అదే పక్షి ఇటలీలోదో రుమేనియాలోదో అయితే అణాపైసల సరుకు. ఇంగ్లండులో కొట్టిందని చీటీ ఉంటే దాని ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఈకల్లో ఏ తేడా లేదు, ధరంతా ఆ చీటీలోనే ఉంది. అంటే మోసానికి ఏ వీలూ లేని భాగానికి శాస్త్రం నిక్కచ్చి పరీక్షలు పెట్టింది. మోసంలో లాభం ఉన్న భాగాన్ని మాత్రం మాట మీద వదిలేసింది. ‘బ్రిటిష్ బర్డ్స్’ పత్రిక సంపాదకుడు హ్యారీ విథర్బీకి 1916లో అనుమానం వచ్చింది, గట్టిగా అడిగాడు కూడా. ఆ తర్వాత వరద తగ్గుముఖం పట్టింది. కానీ అచ్చయినవి అచ్చయినట్టే పుస్తకాల్లోకి పాకాయి. ఒక తరం గడిచేసరికి వాటిని అనుమానించడం పెద్దల్ని అవమానించినట్టయింది.

చిక్కుముడి విప్పింది ‘బ్రిటిష్ బర్డ్స్’ 1962 ఆగస్టు సంచిక. మాక్స్ నికల్సన్, జేమ్స్ ఫెర్గూసన్-లీస్ ఒక్కో రికార్డునూ బయటికి తీసి పరిశీలించారు. జాన్ నెల్డర్ లెక్కలు వేశాడు. ఈయన అప్పట్లో కూరగాయల పరిశోధన కేంద్రంలో గణాంక శాస్త్రవేత్త, పక్షులంటే పిచ్చి. పదేళ్ల తర్వాత గణాంక శాస్త్రంలో ఒక పెద్ద పద్ధతికి ఆద్యుల్లో ఒకడిగా పేరు తెచ్చుకున్నది కూడా ఈయనే. ఆయన ఏ ఒక్క పక్షినీ పట్టి చూడలేదు, ఏ ఒక్క మనిషినీ నిలదీయలేదు. ఒకే నేలను రెండు కాలాల్లో, ఆ నేలను దాని పొరుగు ప్రాంతాలతో పోల్చాడంతే. 1895–1924 మధ్య హేస్టింగ్స్ పరిసరాల్లో అత్యంత అరుదైన పక్షులు కుప్పలుగా ఉన్నాయి. పక్కనే ఉన్న ససెక్స్, కెంట్ మిగతా భాగాల్లో అలా లేవు. 1925–1954 మధ్య పక్షులు చూసేవాళ్లు ఎన్నో రెట్లు పెరిగారు, దుర్భిణులు బాగుపడ్డాయి. పొరుగున రికార్డులు పెరిగాయి, హేస్టింగ్స్‌లో మాత్రం ఆ వైభవం పోయింది. వాతావరణం మారిందనో వలస దారులు జరిగాయనో అందామంటే, ఆ మార్పు ఇరవై మైళ్ల వృత్తం గీసుకుని దాని లోపలే ఎందుకు జరగాలి? పక్షులకు జిల్లా సరిహద్దులు తెలియవు. ఆ పరిశీలనతో 29 జాతులు, ఉపజాతులు బ్రిటిష్ పక్షుల జాబితా నుంచి పోయాయి.

ఇందులో అన్యాయం ఉందని అప్పుడే గొడవ లేచింది, అది తేలిగ్గా తీసిపారేయదగ్గ గొడవ కాదు. బ్రిస్టో 1947లోనే చనిపోయాడు, జవాబు చెప్పుకోవడానికి లేడు. జేమ్స్ హారిసన్ ఆయన పక్షాన 1968లో ఒక పుస్తకమే రాశాడు. సగటు లెక్కలు చూపి ఒక మనిషిని దొంగ అనవచ్చా, చిన్న దుకాణదారుణ్ని పెద్దలంతా కలిసి బలిపశువును చేయలేదా అన్నది ఆ పక్షం వాదనలో బలమైన భాగం. దీనికి నా జవాబు రెండు ముక్కలు. గణాంకాలు మనిషిని దోషిగా నిలబెట్టలేవన్నది నూటికి నూరుపాళ్లూ నిజం. కానీ జాబితా నుంచి రికార్డును తీసేయడానికి దోషి ఎవరో తేలనక్కర్లేదు. నిజమైన రికార్డుల్నీ దొంగవాటినీ వేరుచేసే ఉపాయం లేదని తేలితే చాలు. ఆ కుప్పలో నికార్సైన పక్షులు కొన్ని ఉండే ఉంటాయి, వాటికి అన్యాయం జరిగింది కూడా. అయితే ఆ అన్యాయం చేసింది వాటితో కలిపి నాసిరకం సరుకు పోసినవాళ్లు. 1962 నాటి రచయితలు ఈ రెండు ప్రశ్నల్నీ కొంత కలగాపులగం చేశారన్నది వాళ్ల మీద నా ఫిర్యాదు. రికార్డు మీద తీర్పు చెప్పి ఊరుకుని ఉంటే హారిసన్ పుస్తకంలో సగానికి పని ఉండేది కాదు.

ఇంకో అభ్యంతరం పైకి మరింత బలంగా కనిపిస్తుంది. తీసేసిన జాతుల్లో చాలావరకు ఆ తర్వాతి దశాబ్దాల్లో బ్రిటన్‌కు నిజంగానే వచ్చాయి, తిరుగులేని ఆధారాలతో జాబితాలో మళ్లీ చేరాయి. మరి పాతవి కూడా నిజమే అయి ఉండాలి కదా? అలా కాదు. వచ్చే అవకాశం ఉండడం వేరు, ఫలానా రోజు ఫలానా గట్టు మీద వచ్చి పడడం వేరు. పైగా మోసం చేసేవాడు తెలివైనవాడైతే నమ్మశక్యమైన పక్షినే ఎంచుకుంటాడు గానీ పెంగ్విన్‌ని తెచ్చి చూపించడు. హేస్టింగ్స్ వృత్తం అంచులోనే ఉన్న డంజెనెస్‌లో 1952 నుంచి పక్షి పరిశీలన కేంద్రం ఉంది. కొత్త పక్షులు అక్కడా వస్తున్నాయి. కాకపోతే ఏళ్ల తరబడి కాపు కాసిన కళ్లకు ఒకటీ అరా వస్తున్నాయి, ఒకే దుకాణం గుమ్మానికి జంటలు జంటలుగా రావడం లేదు.

దుకాణదారుకు డబ్బాశ ఉంది కాబట్టి అలా జరిగింది, పెద్దమనిషి చీటీ రాస్తే ఈ బెడద ఉండదు అనుకునేవాళ్లకు మన దేశపు అడవిగుడ్లగూబ కథే గుణపాఠం. నీటిపక్షి కాకపోయినా దాన్ని ఇక్కడ చెప్పక తప్పదు. కల్నల్ రిచర్డ్ మైనర్ట్‌జాగెన్ సైనికాధికారి, గొప్ప పేరున్న పక్షిశాస్త్రవేత్త, వేల నమూనాలు లండన్ మ్యూజియానికి ఇచ్చిన దాత. ఆ గుడ్లగూబను 1914లో గుజరాత్‌లో సేకరించానని ఆయన చీటీ. పమేలా రాస్ముసెన్, నైజెల్ కాలర్ ఆ నమూనాకు ఎక్స్‌రే తీయించి చూస్తే లోపలి కథ వేరుగా ఉంది. పక్షికి దూది కూరే తీరు, ఎముకలు విరిచే చోటు, కుట్టు వేసే పద్ధతి మనిషికి మనిషికీ తేడాగా ఉంటాయి. ఆ నమూనాలో బయటి కుట్టు విప్పి మళ్లీ కుట్టిన జాడలున్నాయి, లోపలి పనితనం మాత్రం 1880ల్లో ఖాందేశ్‌లో పక్షులు సేకరించిన జేమ్స్ డేవిడ్‌సన్‌ది. అంటే మ్యూజియం సొత్తే మారుచీటీ కట్టుకుని మ్యూజియానికి కానుకగా వచ్చింది. దీని ఫలితం కాగితం మీద ఆగలేదు. దొంగచీటీలోని ఊరును పక్కనపెట్టి, పాత నిజమైన చోట్ల వెతికితే 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా దగ్గర ఆ గుడ్లగూబ బతికుండగా దొరికింది. పరువుగల కల్నల్ మాట మీద గుజరాత్‌లో వెతికినవాళ్లకు అది కనపడకపోవడంలో వింతేమీ లేదు.

తుపాకులు మూలన పడి దుర్భిణులు చేతికొచ్చిన కాలంలో, చేతిలో పిట్ట లేకుండానే తీర్పు చెప్పవలసి వచ్చింది. బ్రిటన్‌లో 1959లో అరుదైన పక్షుల రికార్డుల కమిటీ అందుకే పుట్టింది. ఓటు వేసే సభ్యులు పదిమంది, ‘పది అరుదైన మనుషులు’ అని వేళాకోళం. వాళ్లు కోరింది రాతపూర్వకమైన వర్ణన: దూరం ఎంత, వెలుతురు ఎటునుంచి, ఎంతసేపు, పక్కన పోల్చడానికి మామూలు పక్షులున్నాయా, ఎగిరినప్పుడు నడుము మీద తెల్లటి మచ్చ కనిపించిందా, కూత విన్నారా. ఇలా మరొకరు పరీక్షించగలిగే ముక్కలుగా విడగొట్టి రాయమనడంలోనే అసలు మార్పు ఉంది. ఎంత పేరున్నవాడైనా ‘నాకు తెలుసు, అదే’ అంటే చెల్లదు. ఇదంతా గుడ్డు మీద ఈకలు పీకడమేనని విసుక్కున్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. తలపండినవాళ్ల రికార్డులు కూడా వెనక్కి వచ్చేసరికి చాలామంది నొచ్చుకున్నారు. వెనక్కి పంపడమంటే అబద్ధమన్నారని అర్థం కాదని చెప్పినా ఆ నొప్పి ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఈ పద్ధతికి అసలైన అగ్నిపరీక్ష 1998 మేలో ఎదురైంది. నార్తంబర్‌లాండ్ తీరంలోని డ్రూరిడ్జ్ బేలో, నీటి గుంటల పక్కన గడ్డిలో మేస్తూ ఒక చిన్న కర్ల్యూ కనిపించింది. మామూలు యురేషియన్ కర్ల్యూకన్నా చిన్నది, ముక్కు సన్నగా ఉంది, రెక్క అడుగు తెల్లన. సన్నముక్కు కర్ల్యూ అనుకున్నారు. అప్పటికే ప్రపంచంలో అంతకన్నా అరుదైన ఉల్లంకి జాతి లేదనవచ్చు. సైబీరియాలో టారా దగ్గర ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో దొరికిన గూళ్లు తప్ప దాని పుట్టిల్లే సరిగా తెలియదు. తిరుగులేని ఆధారంతో చివరిసారి కనిపించింది 1995 ఫిబ్రవరిలో, మొరాకోలోని మెర్జా జెర్గా ఉప్పునీటి మడుగులో. బ్రిటిష్ జాబితాలో ఈ జాతి పేరు అంతకుముందు హేస్టింగ్స్ చీటీల పుణ్యమా అని ఉండి, 1962లో పోయింది. డ్రూరిడ్జ్ పక్షిని మాత్రం నాలుగు రోజులపాటు ఎందరో వచ్చి చూశారు, వీడియోలు తీశారు. ఇక్కడ చోటు మీద రవ్వంత అనుమానం లేదు, తేలవలసింది జాతి. హేస్టింగ్స్ సమస్య తలకిందులైందన్నమాట.

జాతి తేలడం ఎందుకు కష్టమైందో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఎదిగిన సన్నముక్కు కర్ల్యూకు పక్కల మీద నల్లటి గుండ్రని చుక్కలుంటాయి, కొన్ని హృదయం ఆకారంలో. అదే దాని ముద్ర. డ్రూరిడ్జ్ పక్షికి అవి లేవు. మొదటి ఏడాది పిల్లకు అవి ఇంకా రావు, సన్నటి గీతలే ఉంటాయి కాబట్టి ఇది ఏడాది నిండని పిల్ల అన్నారు. అలా ఒక లోటుకు వయసును సంజాయిషీగా చూపగానే మిగతా గుర్తుల మీద బరువు పెరిగింది. రెక్క అడుగు తెలుపా? తూర్పు దేశపు యురేషియన్ కర్ల్యూకూ తెల్లగానే ఉంటుంది. ముక్కు పొట్టిదా? మగ కర్ల్యూ ముక్కు ఆడదానికన్నా పొట్టి, పిల్లవాటిది ఇంకా పొట్టి. ఏళ్ల తర్జనభర్జన తర్వాత రికార్డును ఆమోదించారు. పక్షి కనిపించిన దాదాపు పదిహేనేళ్లకు మళ్లీ తిరగతోడి, మామూలు కర్ల్యూ కాదని ఖాయంగా చెప్పలేమని తేల్చి జాబితా నుంచి తీసేశారు. కొత్తగా సాక్ష్యమేమీ మాయం కాలేదు. మామూలు కర్ల్యూలు ఎన్ని రకాలుగా ఉండగలవో ఈలోగా ఇంకా బాగా తెలిసింది. ఈ విద్యలో అరుదైనదాన్ని గుర్తించడానికి కావలసింది ముందుగా సర్వసాధారణమైనదాని మీద పట్టు.

అంత కటువుగా ఉంటే నిజమైన పక్షిని కూడా తోసిపుచ్చే ప్రమాదం లేదా, అంతరించబోతున్న జాతి విషయంలో ఆ తప్పుకు ప్రాయశ్చిత్తం ఉంటుందా? దీన్ని నేను అన్నిటికన్నా బరువైన అభ్యంతరంగా లెక్కిస్తాను. ఎందుకంటే డ్రూరిడ్జ్ పక్షి నిజంగా ఏడాది పిల్ల అయితే 1997లో ఎక్కడో ఒక గూడు సఫలమైందన్నమాట. ఆ నమ్మకంతో కొందరు ఆశ నిలుపుకున్నారు, వెతుకులాటలు జరిగాయి. 2025 అక్టోబరులో ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ జాతి అంతరించిందని ప్రకటించింది. అయితే కటువుతనం వల్లే నష్టం జరిగిందనడం పొరపాటు. ఆ రికార్డు ఆమోదం పొంది ఉన్న ఏళ్లన్నీ వెతకడానికి అడ్డేమీ లేకపోయింది. సంరక్షణకు రుజువు అక్కర్లేదు, సంభావ్యత చాలు. అనుమానం ఉన్నా వెతకవచ్చు, వెతకాలి కూడా. జాబితాకు మాత్రం రుజువు కావాలి. ఈ రెండు అవసరాల్నీ ఒకే తక్కెడలో వేయడం వల్లే ‘తిరస్కరించి చంపేశారు’ అన్న నింద పుడుతుంది.

తిరస్కరణ శాశ్వతం కాదనడానికి ఒక బాతు రుజువుగా ఉంది. బైకాల్ టీల్ తూర్పు సైబీరియాది, చలికాలం కొరియా, చైనాలలో గడుపుతుంది. యూరప్‌లో కనిపిస్తే ఎవరో శ్రీమంతుడి కొలను నుంచి తప్పించుకుందని సర్దుకోవడం ఆనవాయితీ. అందమైన బాతు, పెంచుకునేవాళ్లు ఎక్కువ. 1906 జనవరిలో ఎసెక్స్‌లో వేటలో పడిన ఒక పక్షి కూడా అలా అనుమానితుల వరుసలోనే నిలబడింది. నూరేళ్ల తర్వాత దాని ఈకల్ని శాస్త్రవేత్తలు పరీక్షించారు. వాననీటిలో బరువు హైడ్రోజన్ పాలు ప్రాంతాన్నిబట్టి మారుతుంది, అక్కడి తిండి తిని పెరిగిన ఈకలో ఆ పాలు ముద్రపడిపోతుంది. ఆ బాతుకు గూటిలో ఉండగా వచ్చిన పాత ఈకలు సైబీరియా లెక్కకు సరిపోయాయి, తర్వాత మొలిచిన ఈకలు పశ్చిమ యూరప్ లెక్కకు. అంటే పుట్టింది అక్కడ, ఆ చలికాలమే వచ్చింది ఇక్కడికి. దాంతో అది బ్రిటన్ తొలి రికార్డు అయింది. పిట్ట చోటు చెప్పదన్న నా మాటను ఇది కొంత సవరిస్తుందని ఒప్పుకోవాలి. ఈక ఎక్కడ పెరిగిందో చెబుతుంది. తుపాకి గుండు ఎక్కడ తగిలిందో మాత్రం ఇప్పటికీ ఎసెక్స్ చీటీయే చెప్పాలి. కాకపోతే ఈకా చీటీ ఒకదానితో ఒకటి పొసిగాయి, అబద్ధాల మధ్య అలాంటి పొందిక కుదరడం కష్టం.

మన దగ్గర ఈ పని ఆలస్యంగానైనా పకడ్బందీగా మొదలైంది, మొదలైన చోటు హైదరాబాదు. అప్పట్లో ఆశీష్ పిట్టీ సంపాదకత్వంలో అక్కడి నుంచి వచ్చిన ‘ఇండియన్ బర్డ్స్’ పత్రికలో ప్రవీణ్ జె., రాజా జయపాల్, పిట్టీ కలిసి దేశంలో అరుదైన పక్షుల పాత రికార్డుల్ని వరసగా తిరగేశారు. 2013లో సముద్రపు పక్షులు, ఆ మరుసటి ఏడు బాతులు, మునిగే నీటిపక్షులు, గల్స్, టెర్న్‌లు. చేతిలో పుస్తకం ఉంది కదా అని ఊరుకోకుండా, ఆ పుస్తకం దేన్ని చూసి రాసిందో, అది అంతకుముందు దేన్ని చూసిందో మూలం దాకా వెళ్లారు. నాలుగు గ్రంథాల్లో నాలుగుసార్లు కనిపించిన రికార్డు విప్పిచూస్తే ఒకే వ్యక్తి ఒకే మాట కావచ్చు. ఆ కసరత్తు మీదే 2016లో 1,263 జాతుల జాబితా వచ్చింది. చేర్చని జాతులకు ఎందుకు చేర్చలేదో కారణాలు అచ్చులో ఉన్నాయి. ఇప్పుడు కొల్లేరులోనో పులికాట్‌లోనో ఎవరైనా వింత గల్ ఫొటో తీసి ఈబర్డ్ వెబ్‌సైట్‌లో పెడితే, స్వచ్ఛందంగా పనిచేసే సమీక్షకులు అడిగేది కూడా దాదాపు అవే ప్రశ్నలు: రెక్కలు విప్పినప్పటి ఫొటో ఉందా, కాళ్ల రంగు కనిపించే ఫ్రేము ఉందా, పక్కనున్న మామూలు గల్‌తో పరిమాణం పోల్చగలమా, ఫొటోలో తేదీ, స్థలం కెమెరా రాసుకున్నవా, తర్వాత చేత్తో పెట్టినవా. కెమెరా వచ్చాక అనుమానాలన్నీ తీరిపోయాయనుకోవడం చీటీని నమ్మినంత అమాయకత్వమే. ఫొటో కూడా జాతిని చూపిస్తుంది, చోటును చూపించదు. అందుకే వెనకాల తాటిచెట్లో లైట్‌హౌసో పడిన మసక ఫొటో ఒకటి, ఈకలన్నీ స్పష్టంగా ఉన్న పది ఫొటోలకన్నా సమీక్షకుడికి ఎక్కువ పనికొస్తుంది. పరిశీలకులు అలాంటివే ముందుగా డిలీట్ చేస్తుంటారు.